సోమక్క ఎరువు కుప్ప

దంతాలపల్లి పంచాయతీ వాళ్లు సోమక్క చేతిలో పెట్టిన కాగితంలో ఉన్నవి రెండే ముక్కలు. పందుల వల్ల రోగాలు తప్ప ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. కాబట్టి నెలాఖరులోగా ఊరి చివర పందుల దొడ్డి ఎత్తెయ్యాలి. దానికి కుట్టిన అర్జీ మీద పదకొండు మంది రైతుల సంతకాలు. మొట్టమొదటిది దామోదర్‌ది.

కోడలు ఆ పేరు చదవగానే సోమక్కకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? పోయిన ఏడు ఇదే రోహిణి కార్తెలో ఆ దామోదరే ఆమె కుప్ప నుంచి నాలుగు ట్రాక్టర్ల ఎరువు కొని తోలుకుపోయాడు. అదీ ఎప్పుడు? ఊరంతా అన్నం తిని నడుం వాల్చిన మిట్టమధ్యాహ్నం. పైన టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించి, ఎవరైనా అడిగితే పశువుల ఎరువని చెప్పమని బతిమాలుకుని మరీ పోయాడు మహానుభావుడు. ఆ పదకొండు మందిలో ఏడుగురిదీ ఇదే తంతు.

సోమక్క ఎరుకల ఇంట పుట్టింది, ఎరుకల ఇంటికే కోడలుగా వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ముప్పై పందులు, దొడ్డి, దాని పక్కన అరెకరం మెట్ట చెలక. మొదటిసారి పచ్చి పెంటే తీసుకెళ్లి మిరప మొక్కల మొదళ్లలో పోసింది. వారం తిరక్కుండా మొక్కలన్నీ మాడిపోయాయి. ఊరు పడీపడీ నవ్వింది. మరుసటి ఏడు వరిగడ్డి పరిచి, దాని మీద పెంట పోసి, మళ్లీ గడ్డి వేసి, పైన మట్టి కప్పింది. అప్పుడప్పుడూ పారతో తిరగేస్తూ నెలల తరబడి మాగనిచ్చింది. చివరికి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూస్తే కంపు లేదు, తొలకరికి తడిసిన మట్టి వాసన. ఆ ఏడు ఆమె మిరప చేను చూడ్డానికి నవ్వినవాళ్లే వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఒక్కడూ బాగుందని అనలేదు. మధ్యాహ్నం ట్రాక్టర్లు మాత్రం ఆ తరువాతే మొదలయ్యాయి.

కాగితం అందిన మూడో రోజున వ్యవసాయ శాఖలో పనిచేసే కహ్కషాన్ దొడ్డికి వచ్చింది. ఏ రైతు ఏ ఎరువు వాడుతున్నాడో రాసుకోవడం ఆ అమ్మాయి పని.

“అక్కా, గీ ఫారంల పంది ఎరువుకు ఒక గడి ఉన్నది. జనగామ దిక్కు, కొత్తగూడ దిక్కు, భూపాలపల్లి దిక్కు మావోళ్లు అడిగిండ్రు. అంతట సున్ననే. ఎవ్వలూ వాడుతలేమంటున్నరు. మరి నీ కుప్ప ఏడాదికేడాది ఎట్ల ఖాళీ అయితుంది?”

“నువ్వు ముసల్మానుల పిల్లవు గద బిడ్డా. పంది పేరు రాస్తవా?”

“నేను తిన, ముట్ట. గది నా ఇంటి సంగతి. కాగితంల ఉన్నదే రాస్త. కాకపోతే వాడినోళ్లు సంతకం పెట్టాలె.”

ఆ మాట దగ్గర సోమక్క ఆగిపోయింది. ఉపయోగం లేదని ఒక కాగితం మీద, వాడుకున్నామని ఇంకో కాగితం మీద అవే చేతులు సంతకం పెడితే, ఇక దొడ్డి ఎత్తెయ్యమని ఏ మొహం పెట్టుకుని అంటారు?

మర్నాడు మధ్యాహ్నం దామోదర్ రానే వచ్చాడు.

“సోమక్కా, నాలుగు ట్రిప్పులు గావాలె. మృగశిర దగ్గరపడ్డది.”

“ఉన్నది పటేలా. పొద్దుగాల ఎనిమిదింటికి రా. పైన ఏం కప్పద్దు. పంచాయతీ ముంగట్నుంచే తోలుకపోవాలె. ఆడ కహ్కషాన్ మేడం కూసుంటది. పంది ఎరువు వాడుతున్న అని సంతకం పెట్టి పో.”

“ఏం మాటలే గవి? నలుగుట్ల నా ఇజ్జత్ ఏంగావాలె? మిరపకాయ ఏరనీకి కూలోళ్లు వస్తరా?”

“నా చేన్ల ఏరినోళ్ల చేతులేమన్న ఊడిపోయినయా? నా ఎరువు నీకు పనికొస్తది, నా పందులు పనికిరావు. గిదేం న్యాయం?”

“నెలాఖరుకు నీ దొడ్డే ఉండదు. అప్పుడు గీ కుప్పను ఏం జేసుకుంటవ్?”

“వానకు కొట్టుకపోనిస్త. దొంగతనంగ మాత్రం ఒక్క తట్ట గూడ ఇయ్య.”

అన్నది గానీ సోమక్కకు లోపల గుబులుగానే ఉంది. ముప్పై పందులతో వెళితే ఏ ఊరు రానిస్తుంది? నాలుగు రోజులు కుప్ప దగ్గరికి నరపురుగు కూడా రాలేదు. ఆకాశం మబ్బు పట్టింది. కోడలు పోనీ ఇచ్చెయ్యమంటే కసురుకుంది.

అయిదో రోజు పొద్దున్నే ట్రాక్టర్ చప్పుడు. బస్తాల మందు పోసీ పోసీ దామోదర్ చేను గట్టిపడింది. సోమక్క ఎరువు పడ్డ ఒక్క ఏడాదే అది మెత్తబడింది. ఆ సంగతి అతనికంటే బాగా ఎవరికి తెలుసు? దించిన తల ఎత్తకుండా లోడు నింపించుకున్నాడు. సోమక్క చీర కుచ్చెళ్లు బిగించి ఎరువు మీదికెక్కి కూర్చుంది. దర్జాగా కూర్చుంది.

పంచాయతీ ముందర సర్పంచ్ బలరాం ట్రాక్టర్ ఆపించాడు.

“ఏందన్నా గది?”

“ఎరువు.”

“ఏం ఎరువు?”

దామోదర్ గొంతు సవరించుకున్నాడు. “పంది ఎరువు.”

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. సోమక్క లోడు మీదే లేచి నిలబడింది.

“నవ్వినోళ్లు చెయ్యెత్తుండ్రి. ఎవల చేనుకు ఎన్ని ట్రిప్పులు వచ్చినయో ఈడనే చెప్త.”

నవ్వు ఆగిపోయింది. దామోదర్ సంతకం పెట్టాడు. పొద్దు వాలేలోగా మిగతా ఆరుగురూ ఎరువు కోసం వచ్చి పెట్టారు. బలరాం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు, ఆ ఏడుగురినీ చూశాడు. వాళ్లు అర్జీ మీది సంతకాలు వెనక్కి తీసుకున్నారు. మిగిలిన నలుగురితో అది నిలవలేదు, దొడ్డి ఎత్తెయ్యమన్న కాగితం రద్దయింది.

కహ్కషాన్ పెన్ను పట్టుకుని సోమక్క వైపు తిరిగింది. “ఎరువు ఎవల కాడ కొన్నరో గూడ రాయాలె అక్కా. పశువుల పెంపకందారు అని రాయనా? జర ఇజ్జత్‌గ ఉంటది.”

“వద్దు బిడ్డా. ఎరుకల సోమక్క, పందులు సాదుతది అని రాయి. పెద్దక్షరాలల్ల రాయి.”