మూడుచోట్ల చెప్పాల్సిన మాట

ఆఫీసులో అతన్ని అందరూ ‘నవలగారు’ అంటారు. గౌరవంతో పెట్టిన పేరు కాదది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎవరో మర్యాద కోసం “ఖాళీ ఉంటే ఏం చేస్తుంటారండీ?” అని అడిగితే, “నవల రాస్తున్నాను” అన్నాడు. అడిగిన పాపానికి ఆ పెద్దమనిషి మధ్యాహ్నమంతా మొదటి అధ్యాయం వినాల్సి వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళు గడిచాయి. నవల మొదటి అధ్యాయం దాటలేదు.

రచయితకు ఉండాల్సిన అలవాట్లన్నీ ఉన్నాయి, రాయడం ఒక్కటే లేదు అని గిట్టనివాళ్ళు అనేవారు. అది అన్యాయం. రోజూ ఐదింటికల్లా లేచి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చునేవాడు. నాలుగు పెన్సిళ్ళు చెక్కేవాడు. కొత్త ఆలోచన వస్తే కొత్త నోటుబుక్కు కొనాల్సిందే. బీరువాలో అలాంటివి ముప్పై దాకా ఉన్నాయి, ఒక్కోదానిలో పది పన్నెండు పేజీలు నిండి, మిగతావన్నీ తెల్లగా. రాసింది పైకి చదువుకునేవాడు, చదివి కొట్టేసేవాడు. చెప్పిన మాట మళ్ళీ కనిపిస్తే చాలు, ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టు అయ్యేది. ఆరింటికి పేజీ ఉండేది, ఏడింటికి నాలుగు వాక్యాలు మిగిలేవి. ఆ నాలుగూ బాగుండేవి, అది ఒప్పుకోవాలి.

పెళ్ళి చేసుకోలేదు. “నవలని చేసుకున్నాడు, ఇంకా కాపురానికి రాలేదు” అనేది అక్క. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. అక్క అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్దది, ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టి బతికిన మనిషి. అతన్ని చదివించింది ఆ కుట్టుమిషనే. యాభై దాటాక ఆమెకు కీళ్ళజబ్బు పట్టుకుంది. ముందు మణికట్లు వాచాయి, తర్వాత వేళ్ళు వంకర తిరగడం మొదలుపెట్టాయి. రెండు వారాలకోసారి శనివారం సూది వేయించుకోవాలి. సీసాలోంచి మందు సిరంజిలోకి లాగడం, గాలిబుడగ తీయడం, సన్నటి సూది తొడకు గుచ్చడం ఆ వేళ్ళతో అయ్యే పని కాదు. అందుకని తమ్ముడే వేసేవాడు. ఆమెకు అది సుతరామూ నచ్చేది కాదు.

“సూదిలో దారం ఎక్కించడానిక్కూడా ఎవర్నీ అడిగినదాన్ని కాదురా. ఇప్పుడు సూది కోసం నీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవాలా?” అనేది.

“ఇంకెన్నాళ్ళులే అక్కా. మా పెన్ను వచ్చేస్తోందిగా” అనేవాడు.

ఆ పెన్ను అతని కంపెనీలో తయారవుతోంది. ఆమె వేయించుకునే మందునే గాజుగొట్టంలో నింపి, ఆ గొట్టాన్ని స్ప్రింగున్న ప్లాస్టిక్ పెన్నులో పెడతారు. మూత లాగి, తొడకు ఆనించి గట్టిగా నొక్కితే సూది దానంతటదే దిగి మందు లోపలికి వెళ్తుంది. వినడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం ఆరేళ్ళు పట్టింది, అప్పటికీ కాలేదు. మందు ఒక్కటే అయితే ఒక గొడవ, పనిముట్టు ఒక్కటే అయితే ఒక గొడవ. రెండూ కలిస్తే అది కొత్త కోడలూ పాత అత్తా ఒకే వంటింట్లో ఉన్నట్టే. మందు చిక్కటిది, స్ప్రింగు బలం తగ్గిస్తే కదలదు. బలం పెంచితే గాజు పగులుతుంది. గొట్టం లోపల పూసిన నూనె మందుకు పడక నలకలు తేలాయని ఒక ఏడాది పోయింది. ఒక వైపు ఏ చిన్న మార్పు చేసినా, రెండో వైపు పరీక్షలన్నీ మొదటికొచ్చేవి.

పై అంతస్తు మందువాళ్ళది. వాళ్ళ పెద్దను మందు మేడం అనేవారు. కింది అంతస్తు పనిముట్టువాళ్ళది, అక్కడి పెద్ద స్ప్రింగు మాస్టారు. ఎవరికి వాళ్ళు, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవారు. నవలగారి బల్ల మధ్య అంతస్తులో ఉండేది. పెన్నుతో పాటు పెట్టెలో పెట్టే వాడకం కాగితం రాయడం అతని పని. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా ఆ ఆరేళ్ళూ నలిగాడు.

ఆ కాగితం మొదటి చిత్తు ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చిన ముక్కలతో అతుకులబొంతలా ఉండేది. ఆ పెన్నుకు ఒక తిరకాసు ఉంది. నొక్కగానే ఒక ‘టిక్కు’ వినిపిస్తుంది, అంటే మందు వెళ్ళడం మొదలైందని. కాసేపటికి ఇంకో ‘టిక్కు’, అంటే అయిపోవచ్చిందని. ఆ తర్వాత పది లెక్కపెట్టి తీయాలి. అందుకని చిత్తులో నాలుగో బొమ్మ కింద, ఐదో బొమ్మ కింద, ఆరో బొమ్మ కింద ఒకే మాట ఉండేది. ‘మొదటి టిక్కు వినగానే తీయకండి. రెండో టిక్కు దాకా అలాగే నొక్కి ఉంచండి.’

మూడుసార్లు! నవలగారికి గొంగళిపురుగు పాకింది. ఒక తెల్లవారుజామున నవల పక్కన పెట్టి ఆ కాగితం ముందేసుకున్నాడు. వారం రోజులు చెక్కాడు. మూడుచోట్లా ఉన్న మాటను చివరి ఒక్కచోటే, ఆరో బొమ్మ కింద ఉంచి, మిగతా రెండూ కొట్టేశాడు. అక్కకు చదివి వినిపించాడు కూడా.

“బాగానే ఉంది గానీ, ఆ టిక్కు మాట ముందే చెప్పొచ్చుగా?”

“చెప్పిందే చెప్తే చదివేవాళ్ళకి విసుగక్కా.”

“విసుగేంట్రా? నాలుగుసార్లు లేపితే గానీ నువ్వు బడికి లేచేవాడివా?”

అతను నవ్వేసి ఊరుకున్నాడు. బట్టలు కుట్టే మనిషికి వాక్యం సంగతేం తెలుసనుకున్నాడు. అంత మాట పైకి అనలేదు గానీ, అనుకోవడం మాత్రం అనుకున్నాడు.

కాగితం పై అంతస్తుకు వెళ్ళింది. మందు మేడం మందు గురించి ఉన్న మాటలు చూసి, టిక్కుల సంగతి కిందివాళ్ళు చూసుకుంటారని సంతకం పెట్టింది. కింద స్ప్రింగు మాస్టారు బొమ్మలు కొలిచి చూసి, ఎంతసేపు ఉంచాలన్నది మందువాళ్ళ లెక్క కదా అని సంతకం పెట్టాడు. మొదటి నుంచి చివరి దాకా ఎవరూ చదవలేదు. “ఏం రాశారండీ, గడగడా చదివేయొచ్చు!” అని మాత్రం మేడం మెచ్చుకుంది. పదకొండేళ్ళలో అతను రాసిన దాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. మెట్లు దిగుతున్నప్పుడు కాళ్ళు నేలమీద ఆనలేదు.

మూణ్ణెల్లకు పరీక్ష పెట్టారు. బయటి నుంచి పదిహేనుమందిని పిలిచారు, అందరూ కీళ్ళజబ్బు మనుషులే. ఒక్కొక్కరికీ మందు బదులు నీళ్ళు నింపిన పెన్ను, తొడకు బదులు స్పాంజి దిండు, చేతిలో కాగితం. ఎవరూ సాయం చేయకూడదు. అద్దం వెనక గదిలో మేడం, మాస్టారు, నవలగారు కూర్చున్నారు.

మొదట వచ్చినాయన పెద్దాయన. కాగితం చదువుతూ, ఒక్కో బొమ్మ చూసి ఒక్కో పని చేస్తూ పోయాడు. నాలుగో బొమ్మ దగ్గర పెన్ను నొక్కాడు. టిక్కుమంది. వెంటనే తీసేశాడు. సూది కొసనుంచి నీళ్ళు చిమ్మి బల్లంతా తడిసింది. “అయిపోయిందండోయ్! ఇంత సులువా!” అని అద్దం వైపు చూసి సంతోషంగా నవ్వాడు. ఆరో బొమ్మ దాకా ఆయన వెళ్ళనే లేదు. ఎందుకు వెళ్తాడు, పని అయిపోయిందనుకున్నాక?

సాయంత్రానికి పదిహేనుమందిలో పదకొండుమంది అలాగే తీసేశారు. పదకొండు సార్లూ నవలగారు ఆ నీళ్ళు కారడం చూశాడు. మందు సగం బల్లపాలు. నిజంగా అదే మందు అయితే, ఆ మనిషికి ఆ రెండు వారాలూ నరకం. ఆ నరకం ఎలా ఉంటుందో తన ఇంట్లో రోజూ చూస్తున్నవాడు అతను.

మర్నాడు సమావేశంలో అతను లేచి నిలబడి, “ఆ మాట మూడుచోట్ల ఉండేదండీ. రెండుచోట్ల నేనే తీసేశాను” అన్నాడు.

“ఎందుకు తీసేశారు?” అంది మేడం.

ఏం చెప్తాడు? వినడానికి బాగుంటుందని తీసేశాననా?

“ఆయన తీసేస్తే మాత్రం, మనం సంతకాలు పెట్టలేదా?” అన్నాడు మాస్టారు. నిజానికి మంచి మనిషి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రెండు వాక్యాలూ మళ్ళీ పెట్టి ఇంకో పరీక్ష చేద్దామని నవలగారు బతిమాలాడు. కానీ ఫలితం అప్పటికే అనుమతులిచ్చే ఆఫీసుకు చేరింది. కాగితాన్ని నమ్ముకుంటే కుదరదు, మొదటి టిక్కే ఉండకూడదన్నారు వాళ్ళు. టిక్కు పోవాలంటే లోపలి కొక్కెం మారాలి. కొక్కెం మారితే స్ప్రింగు తోసే బలం మారుతుంది. ఆ బలం మారితే మందు పరీక్షలన్నీ మళ్ళీ మొదలు. ఇరవైరెండు నెలలు పట్టింది. ఆ మాట మూడుచోట్లా ఉండి ఉంటే పరీక్ష గట్టెక్కేదో లేదో ఎవరూ చెప్పలేరు. గట్టెక్కేదేమో అన్న ఆ ‘ఏమో’నే అతన్ని తినేసింది.

ఆ ఇరవైరెండు నెలల్లో అక్క చేతులు పూర్తిగా ముడుచుకుపోయాయి. మొదట జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. తర్వాత గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పించింది. అతను ఐదింటికి లేచి బల్ల ముందు కూర్చునేవాడే గానీ, పెన్సిలు చెక్కడం దగ్గరే ఆగిపోయేవాడు. ఏ మాట ఉంచాలో ఏది తీయాలో తేల్చుకునే ధైర్యం పోయింది. కొన్నాళ్ళకు లేవడం కూడా మానేశాడు.

చివరికి పెన్ను బజారులోకి వచ్చింది. అతను మొదటి పెట్టె ఇంటికి తెచ్చాడు. లోపల నాలుగు మడతల కాగితం, అతని రాతలో అచ్చయింది అదొక్కటే, దాని మీద అతని పేరు లేదు. అక్క కుర్చీలో కూర్చుని పెన్ను అందుకుంది. మూత లాగాలి. వేళ్ళు మూత చుట్టూ పట్టు దొరక్క జారిపోయాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి మెలిపెట్టింది. పళ్ళతో లాగబోయింది. నుదుట చెమట పట్టింది.

“నేను తీస్తానక్కా.”

“ఉండరా.”

ఇంకోసారి ప్రయత్నించింది. పెన్ను ఒళ్ళో పడిపోయింది.

“కిందటేడాది అయితే ఈ మూత వచ్చేది కదూ?” అంది.

అప్పుడు అతను అన్నీ చెప్పేశాడు. తీసేసిన వాక్యాల గురించి, పదకొండుమంది గురించి, బల్ల మీద కారిన నీళ్ళ గురించి. అప్పటిదాకా ఆమెకు ఆలస్యం సంగతి తెలుసు గానీ, కారణం తెలియదు.

“ఆ వాక్యాలు కొట్టేసినప్పుడు నీకెలా అనిపించింది?” అని అడిగింది.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు.

“బాగుందనిపించిందక్కా. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.”

ఆమె తల ఊపింది. ఆ తలూపడంలో కోపం లేదు, ఓదార్పూ లేదు. పెన్ను అతనికిచ్చి, కాలు చాపింది. అతను మూత లాగి, తొడకు ఆనించి నొక్కాడు. టిక్కు వినిపించాక గట్టిగా పది లెక్కపెట్టి తీశాడు. ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు.

“వచ్చే వారం కాక పై శనివారం,” అంది అక్క, చీర సర్దుకోవడానికి చేతులు సహకరించక అతని వైపు చూస్తూ, “ఎక్కడికీ వెళ్ళకు.”