ఎర్ర రుమాలు ఆవిడను చూడబోయి

నాట్లకు ముందు ఒక ఆదివారం, ఆరున్నరకు బాపట్లలో తెనాలి పాసింజరు ఎక్కాను. నేను డ్రాయింగ్ టీచర్ని. రష్యా కార్మిక విప్లవంలో పోస్టర్లు చదువురానివాళ్ళను కూడా ఎలా కదిలించాయో చెప్పబోతే నా క్లాసు మొత్తం ఆవులించింది. "మనూళ్ళల్లో ఎవరైనా వేశారా టీచర్?" అని ఒకమ్మాయి అడిగింది. వాకబు చేస్తే తెనాలిలో ఒకాయన ఉన్నారని తెలిసింది. అదీ ఈ ప్రయాణానికి కారణం.

ఎనిమిదింటికి తెనాలిలో దిగి, స్టేషన్ ఎదురుగా వేడివేడి ఇడ్లీ తిని కోటయ్యగారింటికి వెళ్ళాను. ఆయన సైన్‌బోర్డులు రాసిన పెయింటరు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. కుర్రతనంలో, భట్టిప్రోలు పక్క ఊళ్ళో వ్యవసాయ కూలీలు సమ్మె చేస్తుంటే, రష్యా పోస్టరు చూసి గోడ మీద నిలువెత్తు బొమ్మ వేశారట. ఆ గోడ చూపించమన్నాను.

"ఆ గోడ ఊసెత్తకండమ్మా," అన్నారు.

ఆయన కోడలు చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. "వెళ్ళిరండి మామయ్యగారూ. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గోడ గురించే గొణుగుతున్నారు."

సంగతేంటో రేపల్లె రైలు కదిలాక గానీ చెప్పలేదు. "పోస్టర్లో ఆవిడ తలకి ఎర్ర రుమాలు కట్టి, చెయ్యెత్తి జనాన్ని పిలుస్తుందండి. మనోళ్ళకి తెలియాలని నేను రుమాలు అలాగే ఉంచి, బొమ్మకి చీర కట్టి, బొట్టు పెట్టి, చేతికి కొడవలిచ్చాను. మర్నాడు ఆడోళ్ళొచ్చి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టేశారు!"

నాకు నవ్వాగలేదు. ఎదురు సీట్లో జామకాయల బుట్ట పెట్టుకున్నావిడకీ ఆగలేదు.

"కూలీల సంఘం నాయకుడు అందరి ముందూ తిట్టాడమ్మా. విప్లవం గియ్యమంటే గుడి కట్టావన్నాడు. ఆ తర్వాత మళ్ళీ మనిషి బొమ్మ వెయ్యలేదు."

నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

భట్టిప్రోలులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. కాలవ గట్టు వెంట దారి. గోడ ఉందో కూలిందో ఇద్దరికీ తెలియదు. ఆయన ఆటో కడ్డీ పట్టుకుని, ముందుకు వంగి దారి చూస్తున్నారు.

హమ్మయ్య, ఉంది! పాత ధాన్యం గోదాము గోడ. రుమాలు ఎరుపు వెలిసింది, చెంపల నిండా పసుపు, పైన ఎవరో వేయించిన రేకుల పందిరి. కింద పదిమంది ఆడవాళ్ళు గట్టిగా వాదులాడుకుంటున్నారు.

"పూజా అమ్మా?" అన్నాను.

"పూజేంటండి! కూలి రేటు తేల్చుకుంటన్నాం," అంది వాళ్ళలో పెద్దామె నాంచారమ్మ. "ఏటా నాట్లకి ముందు ఇక్కడే. అమ్మ ముందు ఒక మాటనుకున్నాక ఏ ఒక్కత్తీ తక్కువకి వెళ్ళదు. ఎప్పుడో కూలీల సమ్మెప్పుడు రైతులు దీనికి సున్నం కొట్టించాలని చూశారంట. అమ్మోరి మీద సున్నం కొట్టడానికి ఎవడికుంటాయి గుండెలు?"

కోటయ్యగారి వైపు చూశాను. నోరు తెరిచి వింటున్నారు.

"ఈ బొమ్మ వేసింది ఈయనే," అన్నాను. గొడవ ఠక్కున ఆగింది. నాంచారమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ ఏమైపోయావు బాబాయ్? అమ్మ కళ్ళు మాసిపోయాయి. మేం దిద్దితే వంకరొస్తన్నాయి."

కొట్టు నుంచి నల్లరంగు, బ్రష్షు వచ్చాయి. ఆయన్ని బల్ల ఎక్కించి నేను నడుం పట్టుకున్నాను. బ్రష్షు గోడకు ఆనగానే చెయ్యి నిలకడగా సాగింది. రెండో కన్ను పూర్తయ్యేసరికి ఆడవాళ్ళు ఈలలు వేశారు. కోటయ్యగారు ఏడుస్తూ నవ్వుతున్నారు, నేనూ అంతే.

రెండింటికి రేపల్లెలో చేపల పులుసుతో భోంచేశాం. ఆయన అన్నం మూడుసార్లు వడ్డించమన్నారు. వెళ్ళాలనుకునేవాళ్ళు నాట్లు మొదలవ్వకముందే వెళ్ళండి; తర్వాత ఊళ్ళో మాట్లాడేందుకు మనిషి దొరకదు. ఆయన్ని తెనాలి రైలెక్కించి, నేను బాపట్ల బస్సెక్కాను.

చెరుకుపల్లి దాటుతుండగా, వచ్చేటప్పుడు నా నంబరు తీసుకున్న నాంచారమ్మ ఫోన్ చేసింది. "బాబాయికి చెప్పమ్మా. కొత్త కళ్ళతో ఆవిడ అట్టా చూస్తంటే, తగ్గి అడగబుద్ధి కాలేదు. పొద్దున అనుకున్నదానికన్నా పైకే అడిగాం. రైతులు ఒప్పేసుకున్నారు!"

వెంటనే కోటయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. రైలు చప్పుడులో రెండుసార్లు చెప్పించుకున్నారు.

"అయితే అది గుడి కాదు, పోస్టరేనండి," అన్నారు.

బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వాను. అప్పటికి ఆ కళ్ళ మీద రంగు ఇంకా ఆరి కూడా ఉండదు.