ఆ ఫోటోలో సగం కత్తిరించినవాళ్లకి, మా భారతత్త తరఫున

నిన్న పొద్దున హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతుంటే నాన్న ఫోన్ చేశాడు.

"భారతత్త లేదే."

లేకపోవడం ఏంటి? ముందురోజు సాయంత్రమే కదా మాట్లాడింది! తోటలో చిన్నరసాల మామిళ్లు కోతకొచ్చాయి, సెలవు పెట్టి రా, బుట్టలు సర్దాలి అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

తర్వాతి బస్సులో ఫోన్ తెరిస్తే అంతా అత్తే. అన్నిటికన్నా పైన సూర్యారావు గారి పోస్టు. "మా ఇంటి మహాలక్ష్మి మమ్మల్ని విడిచి వెళ్లిపోయింది." కింద అత్త పగలబడి నవ్వుతున్న ఫోటో.

ఆ ఫోటో చూడగానే నా ఏడుపు ఆగిపోయింది. ఒళ్లు మండింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సూర్యారావు గారు అత్తకి బావగారు. పోయిన మావయ్యకి సొంత అన్న. ఆ ఫోటో సంగతి చెప్పకుండా రెండు దండాలు పెట్టి ఊరుకోవడం నా వల్ల కాదు.

మావయ్య పోయాక అత్త రెడ్డిగూడెం దగ్గర తోట చూసుకుంటూ ఒంటరిగా ఉండేది. నేనే ఒక ఆన్‌లైన్ ట్రావెల్ గ్రూప్‌లో చేర్చాను. టైపింగ్ రాదు. ఫోన్‌కి చెబితే అదే రాసేది. "నేను కాశీ వస్తున్నానండీ. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం ఎక్కడ దొరుకుతుంది?" అంతే, జవాబులే జవాబులు.

అలా కాశీ చూసింది. జైపూర్ చూసింది. ప్రతి ఊళ్లో ఆ గ్రూప్‌వాళ్లు ఎవరో ఒకరు స్టేషన్‌కి వచ్చేవారు.

అమాయకురాలు అనుకునేరు! ఎవరింటికి వెళ్లాలన్నా ముందు ఆ ఇంటి ఆడవాళ్లతో వీడియో కాల్ మాట్లాడేది. నాకు లైవ్ లొకేషన్ పెట్టేది. ఫోటోలు మాత్రం ఇంటికి తిరిగొచ్చాకే. "ఇల్లు తాళం వేసుందని దొంగలకి నేనే చెప్పాలా ఏంటి?" అనేది.

ఉత్త చేతులతో ఎక్కడికీ వెళ్లేది కాదు. సగం మాగిన రసాలు ఏరి, బుట్టలో వరిగడ్డి వేసి సర్దేది. రైలు దిగేసరికి పండిపోయేవి.

సిలిగురిలో బిమల్ గారని రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, ఆయన భార్య మంజు గారు. గ్రూప్‌లోనే పరిచయం. వాళ్లింట్లో బుట్ట విప్పగానే బిమల్ గారు కత్తి తెచ్చారట.

రసం పండుకి కత్తి!

అత్త ఆ కత్తి లాక్కుని, తనకొచ్చిన హిందీలో, "చాకూ నహీ అండీ! పిసుకో, పిసుకో!" అని చేసి చూపించింది. ఆయన పిసికితే రసం మోచేతి దాకా కారింది. ఇద్దరూ ఒకళ్లని చూసి ఒకళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. మంజు గారు క్లిక్ కొట్టారు.

అదీ ఆ ఫోటో.

మురిసిపోతూ తనే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. దాని కింద సూర్యారావు గారు, "మా మరదలి యాత్రలు ఇలా ఉంటాయి" అని రాసి, అక్కడితో ఆగకుండా ఊరంతా ఫార్వర్డ్ చేశారు. ఎంతమంది నవ్వే ఎమోజీలు పెట్టారో నాకు గుర్తుంది. ఆ వేళ్లతోనే నిన్న దండం ఎమోజీలు పెట్టారు. చూశాను.

తర్వాత విస్సన్నపేటలో పెళ్లి. భోజనాల దగ్గర పది మందిలో ఆయన గొంతు పెంచి అడిగారు.

"ఏమ్మా భారతీ, ఈసారి ఏ ఊరి మగాడు?"

అత్త పక్కనే నేనూ కూర్చున్నాను. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచింది. మిగతా అందరూ తింటూనే ఉన్నారు.

ఆ సాయంత్రమే అకౌంట్ తీసేసింది. మేఘాలయ టికెట్ క్యాన్సిల్ చేసింది. బిమల్ గారి వాళ్లతో కలిసి వెళ్లాల్సిన ట్రిప్ అది. ఆ తర్వాత మళ్లీ రైలెక్కలేదు. ఇంకెక్కదు కూడా.

మా వైపు తోటలో మొదటి కోత బుట్ట ఇంటి పెద్దకి వెళ్తుంది. వెళ్లలేదంటే ఎందుకో ఊరంతా అర్థం చేసుకుంటుంది. అంత మాట అనిపించుకుని కూడా పోయిన వేసవిలో అత్త ఆ బుట్ట ఆయనకే పంపింది. స్కూటీ మీద తీసుకెళ్లి ఇచ్చింది నేనే. "పెద్దాయన, పోనీలేవే" అంది.

నాకు పోనివ్వడం రాదత్తా.

సూర్యారావు గారూ, మీరు నన్ను కూడా ట్యాగ్ చేశారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. పరువు కోసం నిన్నటి పోస్టులో మీరు కత్తిరించేసిన సగంతో సహా, పూర్తి ఫోటో కింద పెట్టాను. మోచేతి దాకా రసంతో నవ్వుతున్నది బిమల్ గారు. ఆ ఫోటో తీసింది ఆయన భార్య. అప్పుడు మీరు అడగలేదు. అడిగితే తెలిసేది.

నిన్న వాళ్లకి ఫోన్ చేసి చెప్పాను. మంజు గారు ఏడ్చారు. పెద్దకర్మకి ఇద్దరూ వస్తున్నారు. స్టేషన్‌కి నేనే వెళ్తాను. ముందు వరసలో కూర్చోబెడతాను.

ఈ ఏడు కోత నేనే చేయిస్తున్నాను. మొదటి బుట్ట అందరి ముందూ బిమల్ గారి చేతిలో పెడతాను. మీకు పరిచయం కూడా చేస్తాను. "మీరు కత్తిరించిన మగాడు ఈయనేనండీ" అని.

తప్పకుండా రండి. ఇంటి పెద్ద రాకపోతే బాగుండదు కదండీ.

అత్తా, వెళ్లిరా. ఎవరితో వెళ్తున్నావని అడిగేవాళ్లు లేని చోటికి వెళ్లు. నీకు శాంతి దొరకాలి.

నీ పెద్దకర్మ భోజనంలో మాత్రం ఆ ఒక్కరికి ముద్ద దిగకూడదు.