గుమ్మంలో నాన్నగారు

మా మామయ్యగారి సంవత్సరీకాన్ని నేనెలా తగలేశానో చెబుతాను. మీరు నవ్వినా నాకేం అభ్యంతరం లేదు. ఆ పూట మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ముందు నా ఘనత వినండి. హైటెక్ సిటీలో మా ఆఫీసు పని, మెదడు ఎలా నేర్చుకుంటుందో తెలుసుకోవడం. పుర్రె విప్పి చూడలేం కాబట్టి, మెదడుని పోలిన న్యూరల్ నెట్‌వర్క్‌ని కంప్యూటర్లో అల్లి, దానికి నేర్పి చూస్తాం. దానికో జబ్బుంది. కొత్తది ఒక్కటే పనిగా నేర్పితే పాతవన్నీ తుడిచిపెట్టేస్తుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత దాన్ని చూసే పుట్టిందేమో! మనిషి మెదడు అలా కాదు, నిద్రలో పాతవాటిని కూడా నెమరేసుకుని కొత్తవాటితో కలుపుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. ఆ వారమే దీనిమీద ఆఫీసులో గంటసేపు ఉపన్యాసం దంచాను. చప్పట్లు కూడా కొట్టారు.

అలాంటి నెట్‌వర్క్‌నే ఒకదాన్ని మా ఫ్లాటు గుమ్మానికి కెమెరాతో తగిలించాను. వచ్చినవాళ్ళ మొహం చూసి, మా ఆవిడ రికార్డు చేసిచ్చిన గొంతుతో "అమ్మొచ్చింది", "యాదగిరి గారొచ్చారు" అని చెబుతుంది. యాదగిరి గారంటే మా ఎదురు ఫ్లాటాయన.

సంవత్సరీకానికి ముందురోజు మా అత్తయ్యగారు దాని ముందు నిలబడ్డారు.

"బాబూ, ఆయన పోయింది కూకట్‌పల్లి ఇంట్లో. తర్వాత కదా మనం ఇక్కడికి మారాం! ఆయనకి ఈ ఇల్లు తెలీదు. రేపు వచ్చి, గుమ్మంలో ఎవరూ గుర్తుపట్టకపోతే వెనక్కెళ్ళిపోరూ?"

ఆవిడ కళ్ళు చూసి నా గుండె నీరయింది. "నేనున్నానుగా అత్తయ్యగారూ!" అని మామయ్యగారి ఫొటోలన్నీ పోగేసి, సాయంత్రమంతా అవే, అవి మాత్రమే దానికి నేర్పాను. మా ఆవిడ చేత "నాన్నగారొచ్చారు" అనిపించి ఎక్కించాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఉపన్యాసం చెప్పిందీ నేనే, విననిదీ నేనే.

మర్నాడు మొదట, సంవత్సరీకం పెట్టించే శాస్త్రిగారు అడుగుపెట్టారు.

"నాన్నగారొచ్చారు."

గొంతు మా ఆవిడది. మా ఆవిడేమో నా ఎదురుగా గారెలు తీస్తోంది, పెదవి కదల్లేదు. శాస్త్రిగారు గడప దగ్గరే ఆగి వెనక్కి చూశారు. వెనక ఎవరూ లేరు.

"అది అన్నది మిమ్మల్నేనండీ," అని నచ్చజెప్పాను. దాంతో ఆయనకున్న కాస్త ధైర్యమూ పోయింది.

తర్వాత, భోజనానికి పిలిచిన యాదగిరి గారు.

"నాన్నగారొచ్చారు."

"ఏంది సారూ, గిట్ల పిలుస్తుంది? నేనింక బతికే ఉన్న గద!" అంటూ ఆయన తన చెయ్యి తనే గిల్లుకున్నారు.

"మిషన్లో చిన్న తేడా అండీ."

"తేడా మిషన్ల ఉన్నదా, నాకే వచ్చిందా? జర చూసి చెప్పుండ్రి!"

అప్పుడు నాకు అర్థమైంది. అందర్నీ అది మర్చిపోయింది. దానికి తెలిసిన మొహం ఇప్పుడు ఒక్కటే. తీగ పీకేద్దామని లేచి దాని మీద చెయ్యి వేశాను. ఇంతలో వరండాలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. గుమ్మం ఖాళీ.

"నాన్నగారొచ్చారు."

శాస్త్రిగారు మంత్రం సగంలో మింగేశారు. యాదగిరి గారు కాళ్ళు రెండూ సోఫా మీదికి లాక్కున్నారు. అత్తయ్యగారొక్కరే ఏ కంగారూ లేకుండా లేచి, ఇంకో విస్తరి తెచ్చి వేశారు.

"ఎవరూ రాలేదు అత్తయ్యగారూ," నిజం చెప్పేశాను. "ఎదురుగా ఏది కదిలినా అది చూస్తుంది, గుమ్మం ఖాళీగా ఉంటే ఊరుకోవాలని దానికి నేర్పలేదు. మిగతా అందర్నీ మర్చిపోయింది. ఇప్పుడు దానికి ఎటు చూసినా మామయ్యగారే."

ఆవిడ విస్తరి మీద నీళ్ళు చిలకరిస్తూ, "ఈ ఏడాదంతా నా సంగతీ అంతే కదా బాబూ," అన్నారు.

తీగ మీద వేసిన చెయ్యి తీసేశాను. భోజనాలయ్యేదాకా అది వచ్చిన ప్రతి చుట్టాన్నీ, ఆఖరికి నీళ్ళ క్యాన్ తెచ్చినాయన్ని కూడా అలాగే పిలిచింది. పిలిచినప్పుడల్లా అత్తయ్యగారు తలెత్తి గుమ్మంకేసి చూశారు.

మర్నాడు పాతా కొత్తా కలిపి, ఖాళీ గుమ్మాన్ని కూడా చేర్చి మళ్ళీ నేర్పాను. మామయ్యగారి పటం ముందు చెంపలేసుకుని శపథం చేశాను: పక్కన పదిమంది బతికున్నవాళ్ళని కూర్చోబెట్టందే, పోయినవాళ్ళని ఇక ఏ యంత్రానికీ పరిచయం చెయ్యను.

ఇప్పుడది ఎవరిని వాళ్ళ పేరుతోనే పిలుస్తోంది. యాదగిరి గారు మాత్రం దానికి ఆ అవకాశం ఇవ్వడం లేదు. తన తలుపు దగ్గర్నించే చెయ్యెత్తి, "నేను యాదగిరిని, బతికే ఉన్న!" అని కేకేస్తే గానీ మా గడప తొక్కరు.