పుట్టలో పడని తుపాకీ

మా హాల్లో గాజు తలుపుల బీరువా ఒకటుంది. అందులో ముప్పై పైచిలుకు బొమ్మ తుపాకులున్నాయి. దీపావళికి పిల్లలు రీలు పెట్టి టప్ టప్ మని పేల్చేవే. మూతబడుతున్న ఫ్యాన్సీ షాపుల అటకల మీద, పాత సామాన్ల కొట్లలో, తీర్థాల అంగళ్లలో వెతికి పోగుచేశాను. పోయినేడాది మా ఊరి మాస్టారొకాయన చూడటానికొచ్చి, తమ బడి పత్రికలో ఒక పేజీ రాశారు. పై అరలో మధ్యనున్న తుపాకీ చిన్నప్పుడు మా నాన్న కొనిచ్చిందని, అక్కడి నుంచే నాకీ పిచ్చి మొదలైందని అందులో ఉంది. మాస్టారి తప్పేమీ లేదు. నేను చెప్పిందే ఆయన రాశారు. వచ్చిన వాళ్లందరికీ ఏళ్ల తరబడి అదే చెబుతూ వచ్చాను.

అది అబద్ధం. మా నాన్న కొనిచ్చింది చోడవరం బజారులో దొరికే రేకు తుపాకీ. ఆ దీపావళికే దాని ట్రిగ్గరు ఊడిపోయింది. బీరువాలో పెట్టుకున్నది మా చిన్నాన్న కూతురిది. నేను దొంగిలించాను.

తొంభైల మధ్యలో సంగతి. నాకు పన్నెండేళ్లు, దానికి పది. రెండు కుటుంబాలవాళ్లం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. చిన్నాన్న లారీ డ్రైవరు. సీజన్లో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు, మిగతా రోజుల్లో విశాఖపట్నం లోడ్లు వేసేవాడు. అక్కడి నుంచే ఆ తుపాకీ తెచ్చాడు. పోత పోసినది, చేతిలో పెడితే బరువు తెలిసేది. ఎర్రటి పిడి మీద గుర్రం తల. పక్కనున్న మీట నొక్కితే మూత తెరుచుకునేది, లోపల రీలు తగిలించుకోవాలి.

మా నాన్నమ్మకి అది నచ్చలేదు. "ఆడగుంటకి తుపాకేటిరా? లక్కపిడతలు దొరకలేదేటి నీకు?"

"లక్కపిడతలిస్తే రోజూ మోగించి ఇల్లు పీకెస్తాదమ్మా. ఇదైతే పండక్కే మోగిస్తాది" అన్నాడు చిన్నాన్న.

చెల్లెలికి చప్పుడంటే అంత ఇష్టం. మతాబులు, చిచ్చుబుడ్లు మా అందరికీ వదిలేసి, పేలేవన్నీ తన వైపు లాక్కునేది. నేను ఒక్కపాలి ఇయ్యవే అని రెండు రోజులు దాని వెంటపడ్డాను.

"నీ రేకుముక్క నీకుంది కదన్నియ్యా! దాంతోటి ఈగల్ని కొట్టుకో" అంది. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు.

మా వైపు దీపావళి సామాన్లు ఒక్కరోజుతో కాల్చేయరు. సగం నాగులచవితికి దాచుకుంటారు. ఆ ఉదయం ఇంటిల్లిపాదీ పొలానికి వెళ్లి, గట్టు మీది పుట్టలో పాలు పోసి, గుడ్లు వేసి, చలివిడి, చిమ్మిలి పెట్టి, అక్కడే టపాకాయలు కాలుస్తారు. పుట్టలో పడిందేదైనా నాగేంద్రుడిదే. మళ్లీ తీసుకోరు. తీద్దామన్నా అందులో చెయ్యి పెట్టేదెవరు?

మా పుట్టకి మూడు వైపులా నిలువెత్తు చెరకు. పాల గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి కాబట్టి చెల్లెలు తుపాకీని పుట్ట అంచున పెట్టింది. పిన్ని దణ్ణం పెట్టుకోమంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. తుపాకీ తీసి, రెండడుగులు వెనక్కి వేసి, చెరకు మొదట్లో ఎండాకు కింద తోసేసి, మళ్లీ వచ్చి చేతులు జోడించాను. ముందే అనుకుని చేశానని చెప్పలేను. అనుకోకుండా చేశానని కూడా చెప్పలేను.

"నా తుపాకీ ఏదన్నియ్యా?"

"పుట్టలోకి జారిపోయింది. నేను సూసేను" అన్నాను.

ఇంతవరకూ దొంగతనమే. ఆ తర్వాత జరిగింది వేరు. అది ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గౌను చెయ్యి పైకి లాక్కుని, పుట్ట కన్నంలోకి చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా లోపలికి వెళ్లింది. ఆ పుట్టలో పాము ఉందని మాకు తెలుసు. ఆ వేసవిలోనే దాని కుబుసం చూశాం. వద్దని ఒక్కమాట నా నోట్లోంచి రాలేదు. పిన్ని కేకపెట్టి, దాని జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, రెండు చెంపలూ వాయించింది.

"సస్తావేటే? సెయ్యెడతావేటే అందులో?"

"నా తుపాకీ అమ్మా!"

"నీదేటింక! నాగేంద్రుడు తీసీసుకున్నాడు" అంది నాన్నమ్మ. "పాలోసిన సోట తుపాకీ ఎడతారేటే ఎవలైనా? ఆయనకి కోపమొచ్చీసింది. లెంపలేసుకో!"

అది ఏడుస్తూ లెంపలేసుకుంది. మా నాన్నమ్మ పుట్టమన్ను తీసి అందరి చెవులకీ రాసింది. నాకూ రాసింది.

పిన్ని అక్కడికక్కడే మొక్కుకుంది, తన కూతురు ఇంక జన్మలో మందుగుండు ముట్టదని, కోపం ఉంచుకోవద్దని. నాగేంద్రుడికి ఇచ్చిన మాట కాబట్టి ఎవరూ కాదనలేదు. తర్వాతి దీపావళి నుంచి అది గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసేది. చవితికి దాన్ని పుట్ట దగ్గరికి కూడా తీసుకువెళ్లేవారు కాదు. పెళ్లయి రావికమతం వెళ్లేదాకా అంతే.

రెండు రోజుల తర్వాత వెళ్లి తుపాకీ తెచ్చుకున్నాను. ఆలస్యం చేస్తే చెరకు నరికేవాళ్లకి దొరికిపోతుంది. పాత పుస్తకాల సంచిలో పెట్టి అటక మీద దాచాను. కానీ ఒక్క రీలు కూడా పేల్చలేకపోయాను. దాని చప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. తర్వాత బీరువాలో పెట్టుకున్నా, మావాళ్లెవరైనా వస్తున్నారంటే తీసి దాచేసేవాణ్ణి.

పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పిన్ని ఉండగా చెబితే ఆమె ఏమనుకుంటుందోనని ఆగాను. పిన్ని రెండేళ్ల క్రితం పోయింది. అప్పుడింక ఎవరి కోసం ఆగుతున్నానని నన్ను నేనే అడుక్కుని, మరో ఏడాది ఆగాను. మాస్టారి పేజీ అచ్చులో చూశాక ఆగలేకపోయాను.

చవితి రెండు రోజులుందనగా రావికమతం వెళ్లాను. మధ్యాహ్నం. చెల్లెలు వాకిట్లో చాట పట్టుకుని మినుములు చెరుగుతోంది. సంచిలోంచి తీసి చేతికిచ్చాను. చూడకుండానే దాని బొటనవేలు మీట మీదికి వెళ్లింది. మూత తెరుచుకుంది.

"ఇది నాదే" అంది.

చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది.

"ముప్పయ్యేళ్లు నాగేంద్రుడి మీద ఎట్టీసి ఊరుకున్నావా!" అని నవ్వబోయింది. నవ్వు సాగలేదు. "అమ్మ ప్రతి చవితికీ నా పేర ఇంకో రెండు గుడ్లు ఏసీదన్నియ్యా. సచ్చిపోయినోళ్ల మాటకేం గాని... దొంగతనం పిల్లలందరూ సేస్తారు. నేను సెయ్యెడతంటే సూస్తా ఎలాగున్నావు?"



అది లోపలికి వెళ్లి, దీపావళికి పిల్లలు వదిలేసిన రీలు డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. రీలు తగిలిస్తుంటే నా నోట్లోంచి వచ్చింది: "పాతది కదా, కాలిస్తే స్ప్రింగు పోతాదేమో."

"ఎవరి స్ప్రింగు?"

మొదటి రెండూ పేలలేదు. మూడోది పేలింది. ఆ తర్వాత ఆపకుండా రీలంతా పేల్చింది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. పొగ వాసన పోయేదాకా తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎల్లుండి చవితికి నేనొస్తాను పొలానికి" అంది. "ఆ రోజు అందరిలోనీ నన్ను తిట్టేరు. అందరిలోనీ సెప్పాల నువ్వు. నా ఒక్కదాని సెవిలో సెప్తే సరిపోదు."

సరేనన్నాను. టీ ఇచ్చింది. తుపాకీ అక్కడే వదిలి వచ్చాను.

చవితి నాడు అది పాల గ్లాసుతో వచ్చింది. మా అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, చిన్నాన్న ఉన్నారు. పాలు పోయడం అయ్యాక, కళ్లు తెరిచాక, చిన్నాన్న ఎదుట నిలబడి చెప్పాను. తుపాకీ పుట్టలో పడలేదని, నేనే తీశానని, చెల్లెలు చెయ్యి పెడుతుంటే ఊరుకున్నానని.

చిన్నాన్నకి ఈ మధ్య వినబడటం తగ్గింది. "ఏటీ?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మొదటి నుంచి మళ్లీ చెప్పాను, పక్క పొలంలో పూజ చేసుకుంటున్నవాళ్లకి కూడా వినబడేలా.