మొదటి నీళ్లు

మల్లికార్జునకు అబద్ధం చెప్పడం రాదు. అది గొప్ప గుణమని మీరు మెచ్చుకుంటే మెచ్చుకోండి, నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దేశ రాజధానిలోని కటవారియా సరాయ్‌లో హనుమాయమ్మ మెస్సు అంటే అప్పట్లో తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ హనుమాయమ్మను నేనే. మెస్సు ఉన్న ఇంట్లోనే పై గదిలో మల్లికార్జున, అతని భార్య గౌరి అద్దెకుండేవాళ్లు. ఒంగోలు దగ్గర పల్లె వాళ్లది. బీయస్సీ చదివి వచ్చి, ఇక్కడ నీళ్ల శాఖ ల్యాబులో శాంపిళ్లు పట్టే ఉద్యోగంలో కుదిరాడు. భుజాన ఐసు పెట్టె, అందులో గాజు సీసాలు, జేబులో స్పిరిట్ దూది, అగ్గిపెట్టె. పేటపేటా తిరిగి కుళాయి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తే, అవి తాగడానికి పనికొస్తాయో లేదో ల్యాబులో తేల్చేవారు. సివిల్సు చదివే మా మెస్సు పిల్లలు "నీళ్ల పోలీసొచ్చాడ్రోయ్" అని ఆటపట్టిస్తే సిగ్గుతో తల వంచుకునేవాడు. ఇంకాస్త పప్పు వెయ్యమని నన్ను అడగడానికి ధైర్యం చాలని మనిషి, పోలీసట!

తొంభై ఆరులో, వానలప్పుడు మా గల్లీ నీళ్లు చెడిపోయాయి. మంచినీళ్ల పైపు మురుగు కాలువ కిందనుంచి వస్తుంది. అది ఎక్కడో తుప్పు పట్టి చిల్లు పడింది. సరఫరా లేని వేళల్లో మురుగు అందులోకి దిగేది. తెల్లవారి నీళ్లు వదలగానే ముందు ఆ మురుగే వచ్చేది, కాసేపటికి తేటపడేది. అసలు వచ్చేదే అరగంట. మొదటి నీళ్లు పారబోస్తూ కూర్చుంటే మిగతావి పక్కిళ్ల మోటార్లు లాగేసుకుంటాయి. అందుకని కుళాయి గురగురమనగానే మా ఓనరు మోటారు వేసేవాడు. ఆ కంపంతా పై ట్యాంకులోకి, అక్కణ్నుంచి మా అందరి గదుల్లోకి.

మెస్సు పిల్లలు కొందరు పచ్చకామెర్లతో మంచం పట్టారు. గౌరికి అప్పుడు ఆరో నెల. తాగే నీళ్లు కాచుకునేది, నిజమే. పళ్లు తోముకునే నీళ్లు, గిన్నెలు తొలిచే నీళ్లు ఎవరు కాస్తారు? ఊరికి వెళ్లిపోవే తల్లీ అంటే, "అక్కడ మా అమ్మ లేదు పిన్నీ. ఇక్కడ మీరున్నారుగా" అనేది. నేనుండి ఏం లాభం! నేనూ ఆ నీళ్లతోనే కదా వండేది.

పైపు మార్చమని ఓనరు అర్జీ పెడితే, శాంపిలు ఫెయిలయితేనే గల్లీ తవ్వుతామన్నారు. శాంపిలు పట్టే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, ఇంకేం కావాలి, హమ్మయ్య అనుకున్నాను.

వాళ్ల పద్ధతి ఎలాంటిదో అప్పుడే చూశాను. ట్యాంకు నీళ్లు పనికిరావు, పైపు నుంచి నేరుగా వచ్చే పెరటి కుళాయే కావాలి. ఆ కుళాయిని పూర్తిగా తిప్పి కాసేపు వదిలెయ్యాలి. కట్టేసి, దాని మూతిని స్పిరిట్ మంటతో కాల్చాలి. మళ్లీ తిప్పి, అప్పుడు సీసా పట్టాలి. కుళాయికి అంటిన మురికిని పైపులోని మురికి అనుకోకూడదని ఆ ఏర్పాటట. ఆ వదిలెయ్యడంలోనే మా గల్లీ మురుగంతా తూములోకి పోయేది. సీసాలో తేట నీళ్లు పడేవి. తాగడానికి యోగ్యమని రిపోర్టు వచ్చేది.

"ముందు వచ్చినవే పట్టెయ్యి నాయనా!" అన్నాను.

"రూలు ఒప్పుకోదు పిన్నీ."

"కడుపుతో ఉన్నది రూలా, నీ పెళ్లామా?"

మెట్లెక్కి వెళ్లిపోయాడు. మరుసటి వారం ఏమనుకున్నాడో, ఒక్కడే వచ్చి మొదటి నీళ్లే పట్టుకెళ్లాడు. శాంపిలు ఫెయిలయింది! గల్లీ గల్లీ అంతా పండగ చేసుకుంది. గౌరి పాయసం కాచింది.

ఆ పాయసం గిన్నె కడగకముందే వాళ్ల సారు పిలిచి అడిగాడట, "ట్యాప్ ఫ్లష్ కియా థా? ఫ్లేమ్ కియా థా?" అని. కుళాయి కాసేపు వదిలావా, మూతి కాల్చావా అని.

ఈ మహానుభావుడు "నహీ సార్" అన్నాడు.

ఆ శాంపిలు చెల్లదని కొట్టేశారు. ఇంకో మనిషిని తోడిచ్చి, రూలు ప్రకారం మళ్లీ పట్టించారు. పాసయింది.

"అవునని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందిరా!" అని నడిమెట్ల మీద నిలబెట్టి చెడామడా తిట్టాను.

"అందామనే వెళ్లాను పిన్నీ. నోరు పెగల్లేదు." అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మన నీళ్లు చెడ్డవని సారుక్కూడా తెలుసు పిన్నీ. మై క్యా కరూ, మల్లికార్జున్, అన్నాడు."

ఏం చెయ్యను అని ఆయనంటాడు, ఇతనంటాడు, ఓనరంటాడు. అందరూ మంచివాళ్లే, మా ఖర్మ!

ఆ నెలలోనే గౌరి కళ్లు పచ్చబడ్డాయి. ఊరంతా డెంగీతో అట్టుడికిపోతోంది. ఆసుపత్రిలో ఒక్కో మంచానికి ఇద్దరు. దోమల గురించి అడిగేవాళ్లే గానీ నీళ్ల గురించి అడిగిన నాథుడు లేడు. దాని చెయ్యి పట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను, అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయాను. బిడ్డ కడుపులోనే పోయింది. గౌరి మాత్రం ఎలాగో బతికి బయటపడింది.

చలికాలంలో ఓనరు మళ్లీ అర్జీ పెట్టాడు. మళ్లీ మల్లికార్జుననే పంపారు. ఆ ఉదయం పెరట్లో కుళాయి తిప్పి వదిలాడు. నల్లటి నీళ్లు భళ్లున దూకి తూములోకి పోతున్నాయి. కంపుకి నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. గౌరి శాలువా కప్పుకుని కిందికి దిగి వచ్చింది.

"ఇవేనా అండీ, మీరు లెక్కలోకి తీసుకోని నీళ్లు?"

అతను తల ఎత్తలేదు. "ఇవే గౌరీ."

అప్పుడన్నా ఒక అబద్ధం చెప్పాడా! లేదు.

నీళ్లు తేటపడేదాకా ఆమె అలాగే చూస్తూ నిలబడింది. అతను కుళాయి కట్టేసి అగ్గిపుల్ల గీశాడు. అంటుకోలేదు. ఇంకోటి గీశాడు, అదీ ఆరిపోయింది. గౌరి వంగి, అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, దూది తనే వెలిగించి ఇచ్చింది.

సీసా నింపుకుని వెళ్లాడు. వారానికి రిపోర్టు వచ్చింది. పాసయింది.