మూడున్నర గంటల్లో అమెరికా

ముప్పై ఏళ్లు గుడివాడ హైస్కూల్లో భూగోళం చెప్పాను. రేఖాంశం ఒక డిగ్రీ మారితే నాలుగు నిమిషాల తేడా అని బోర్డు మీద రాసీ రాసీ నా భుజం అరిగింది. బుర్రకు మాత్రం ఏమీ అంటలేదని రిటైరయ్యాక తెలిసింది.

పెడనలో మా పక్కింటావిడ కలంకారీ అద్దకం పని చేస్తుంది. నేను అక్కా అంటాను, ఆవిడ మాస్టారూ అంటుంది. అమెరికాలో జరిగే ఎగ్జిబిషన్‌కి రమ్మని ఆవిడకు పిలుపొచ్చింది. ఢిల్లీ దాకా రైలు, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమానం. ఆవిడకేమో తలుపులు బిగించిన చోట ఊపిరాడదు. ఏసీ బస్సు కూడా ఎక్కదు.

ఫోన్‌లో వచ్చిన టైములు చూపించి, "నాలుగ్గంటలు దాటితే నావల్ల కాదండి, రానని చెప్పేస్తాను. నేనద్దిన దుప్పట్లు ఎక్కడెక్కడికో వెళ్తున్నాయి. కొనేవాళ్ల మొహాలు ఒక్కసారి చూడాలనుంది. సరిగ్గా చూసి చెప్పండి మాస్టారూ" అంది.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, అదే రోజు ఉదయం ఏడున్నరకు దిగుతుందని ఉంది.

"మూడున్నర గంటలే అక్కా! మన హైదరాబాద్ బస్సుకి ఇందుకు రెట్టింపు పడుతుంది" అన్నాను దర్జాగా.

తిరుగు ప్రయాణం లెక్కవేస్తే ఇరవై ఎనిమిదిన్నర గంటలు తేలింది. అప్పుడైనా అనుమానం రావాలా? అబ్బే! "ఎదురుగాలి అక్కా. నాగాయలంకలో పోటుకి ఎదురెళ్లే పడవను చూళ్ళేదూ?" అని దబాయించాను.

"ఇంటికొచ్చేదే కదండీ, ఎలాగో ఓర్చుకుంటాను" అంది పాపం.

విమానం ఎక్కిన రోజు ఉదయం ఎనిమిదింటికే, అక్క అమెరికాలో దిగిపోయిందని టీకొట్టు దగ్గర ప్రకటించేశాను. మధ్యాహ్నమైనా ఫోన్ రాలేదు. ఆవిడ చెల్లెలు కంగారుగా వచ్చి అడిగితే అట్లాస్ తీశాను. దూరం పన్నెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. మూడున్నరతో భాగించాను. గంటకు మూడున్నర వేలు! అప్పుడు వెలిగింది. ఏడున్నర మన గడియారంలో కాదు, వాళ్ల గడియారంలో. అసలు ప్రయాణం పదహారు గంటలు. ఛీ, నాదీ ఒక చదువేనా!

"ఇంకా గాల్లోనే ఉందమ్మా" అన్నాను. ఆ తలుపుల మధ్య ఆవిడ ఎంత అల్లాడిపోతోందో అనిపించి అన్నం సయించలేదు. పొద్దుపోయాక దిగినట్టు మెసేజ్ వచ్చింది.

పదిహేను రోజులకు తిరిగొచ్చింది. తప్పు ఒప్పుకుందామని వెళ్లాను. వీధి వీధంతా ఆవిడ గుమ్మంలోనే ఉంది. నన్ను చూడగానే దణ్ణం పెట్టింది.

"పదహారు గంటలని చెప్పుంటే చచ్చినా ఎక్కేదాన్ని కాదండి. నాలుగ్గంటలు దాటాక ఏడ్చాను, మిమ్మల్ని తిట్టాను కూడా. దిగాక తెలిసింది, నన్ను ఎక్కించడానికే అలా చెప్పారని. వచ్చేటప్పుడు ఇరవై ఎనిమిదని భయపెట్టారు గనక, ఆ పదహారూ ఇట్టే గడిచిపోయాయి. ఒకావిడ నా దుప్పటి భుజాన కప్పుకుని అద్దంలో చూసుకుంటూ ఎంత మురిసిపోయిందో మాస్టారూ!"

అందరూ నావైపు తిరిగారు. లెక్క తప్పిందని చెప్పడానికి నోరు తెరిచాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"మరి, నీ సంగతి నాకు తెలీదా అక్కా" అన్నాను.